నాడీ మడతలు మూసుకోవడం లేదు: తప్పు పిండానిదా, డిష్‌దా?

వంశధార_జువాలజీ (గుణుపురం), సోమవారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. బీఎస్సీ చివరి ఏడాది ప్రాక్టికల్స్‌లో కోడి పిండాన్ని పెంకు బయట పెంచి, నాడీ పలక ముడుచుకుని నాళం (ముందుముందు మెదడు, వెన్నుపాము అయ్యేది) కావడం పిల్లలకు చూపించాలి. పద్ధతి చాప్‌మన్ బృందం 2001లో చెప్పినదే: ఫిల్టర్ పేపర్ వలయం, కింద అగార్, తెల్లసొన కలిపిన పీఠం. గుడ్లు సంతలో కొన్న నాటుకోడివి. 38 డిగ్రీల్లో 27 గంటలు పొదిగాక, 4 జతల సొమైట్ల (నాళానికి ఇరుపక్కలా జతలుగా వచ్చే కణాల దిమ్మల) దగ్గర బయటకు తీస్తున్నాం.

14 గంటల తర్వాత చూస్తే 12, 13 జతలు వస్తున్నాయి. గుండె కొట్టుకుంటోంది. అంటే పిండం బతికే ఉంది. కానీ సగానికి పైగా పిండాల్లో నాడీ మడతలు ఎదురెదురుగా లేచి నిలబడి అక్కడే ఆగిపోతున్నాయి, కలవడం లేదు. గుండె గొట్టం కూడా కుడివైపుకి వంగకుండా చపటగా పరుచుకుంటోంది. అదే రోజు పొదిగి పెంకులోనే వదిలేసిన గుడ్లలో ఈ తేడా లేదు. మందులేవీ కలపలేదు. ఉప్పునీళ్లలోనా, అగార్‌లోనా, గుడ్డులోనా, ఎక్కడ వెతకాలి?

పర్లాకిమిడి_మాస్టారు, సోమవారం రాత్రి 9:42

ముందు ఒకటి తేల్చండి వంశధార గారూ. తెరుచుకుని ఉన్నది ఎక్కడ? 12 జతల పిండంలో చివరి సొమైటు దాటాక తోకవైపు నాడీ పలక విప్పారి ఉండటం తప్పు కాదు, ఆ వయసుకి అది సహజం. కోడి పిండంలో మడతలు మొదట కలిసేది మధ్యమెదడు దగ్గర, సుమారు 4 జతల నాడే. అక్కడినుంచి ముందుకీ వెనక్కీ జిప్పు లాగినట్టు మూసుకుపోతుంది. 16 జతలు వచ్చేసరికి తలవైపు రంధ్రం మూసుకోవాలి. కాబట్టి వెనుక మెదడు దగ్గరో, సొమైట్ల వరస మధ్యనో తెరిచి ఉంటేనే లోపం అనండి. తోక దగ్గర సంగతైతే దిగులు పడాల్సిన పని లేదు.

ఇంకో మాట. దశని గంటలతో లెక్కపెట్టకండి, సొమైట్లతో లెక్కపెట్టండి. హాంబర్గర్, హామిల్టన్ 1951లో దశల పట్టిక వేసింది ఇందుకే. నాటు గుడ్డు చిన్నది, సంతకి రాకముందు ఏ చూరు కింద ఎన్నాళ్లు ఉందో తెలీదు. 27 గంటలకి ఒకటి 4 జతల దగ్గరుంటే పక్కది 1 జత దగ్గర ఉంటుంది.

వంశధార_జువాలజీ, సోమవారం రాత్రి 9:55

తోక దగ్గర కాదు మాస్టారూ. వెనుక మెదడు నుంచి మూడో సొమైటు దాకా తెరిచి ఉంటోంది. మధ్యమెదడు దగ్గర మాత్రం కలుస్తోంది, అదీ కొన్నింట్లోనే.

బరంపురం_ల్యాబ్, సోమవారం రాత్రి 10:20

అయితే లోపమే. వలయం వేసేటప్పుడు పచ్చసొన పొర ఎంత బిగువుగా ఉంటోందో చెప్పండి, నా అనుమానం మొదట దానిమీదే.

కారణం ఏమిటంటే, కోడి పిండం పచ్చసొన మీద ఊరికే తేలుతూ ఉండదు. పిండ చక్రం (సొన మీద పల్చగా పరుచుకున్న బిళ్ల, పిండం దాని మధ్యలో ఉంటుంది) అంచు కణాలు పచ్చసొన పొరని పట్టుకుని బయటికి పాకుతూ మధ్యభాగాన్ని అన్ని వైపులకీ లాగి పెడతాయి. డప్పు మీద తోలు బిగించినట్టు అనుకోండి. ఆ బిగువు మీదే పిండం కూర్చుంటుంది. పొర వదులైతే చక్రం ముడతలు పడుతుంది, ఒక్కోసారి అంచు పట్టు వదిలి పిండమంతా ముద్దయిపోతుంది.

పని క్రమం ఇది. గుడ్డు పగలగొట్టి సొనని డిష్‌లోకి దింపాక, పిండం మీదున్న చిక్కటి తెల్లసొనని టిష్యూ పేపర్‌తో నెమ్మదిగా తుడవాలి. చాలామంది తొందరపడి వదిలేసేది ఈ అడుగునే. తెల్లసొన మిగిలితే కాగితం పొరకి అంటదు, లేపేటప్పుడు జారిపోతుంది. తర్వాత 2 సెంటీమీటర్ల చదరం కాగితం, మధ్యలో సెంటీమీటరు లోపు కంత, పిండం కంత మధ్యలో వచ్చేలా దించండి. కాగితం తడిసి పొరకి పూర్తిగా అంటేదాకా ఆగండి. అప్పుడు కాగితం చుట్టూ కత్తిరించి, ఏటవాలుగా పక్కకి లాగుతూ లేపండి. నిట్టనిలువుగా లేపితే కింద సొన పీల్చి పట్టి పొరని సాగదీస్తుంది, వదలగానే అది వదులై వేలాడుతుంది. ఉప్పునీళ్లలో సొన కడిగి, పిండం పొట్టవైపు పైకి, వీపువైపు అగార్ మీదకి పెట్టాలి.

ఉప్పునీళ్లు: లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో సోడియం క్లోరైడ్ 7.2 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 0.37, కాల్షియం క్లోరైడ్ 0.17. కాల్షియం లేకుండా ఉత్త ఉప్పునీళ్లలో ఎక్కువసేపు ఉంచితే కణాలు ఒకదాన్నొకటి పట్టుకునే క్యాడెరిన్లు పట్టు సడలిస్తాయి. అప్పుడు మడత ఎత్తడానికి కణం ఎంత గింజుకున్నా పక్క కణానికి ఆ లాగుడు అందదు.

వంశధార_జువాలజీ, సోమవారం రాత్రి 10:31

కాల్షియం వేస్తున్నాం. పొర బిగువు సంగతి రేపు చూస్తాను. అగార్ మాత్రం పొదుపుగా 35 మిల్లీమీటర్ల డిష్‌కి 1 మిల్లీలీటరే పోస్తున్నాం. పెట్టాక మిగిలిన ఉప్పునీళ్లన్నీ పిపెట్‌తో పీల్చేస్తున్నాం.

కొలాబ్_బయోఫిజిక్స్ (జయపురం), సోమవారం రాత్రి 10:50

ఆ రెండు వాక్యాల్లోనే దొంగ ఉన్నాడు.

సిరొంచ_ఫిజిక్స్, సోమవారం రాత్రి 11:15

అన్నా, నీళ్లన్నీ పీల్చేస్తున్నమంటున్నరు కదా, గదే పెద్ద గడబిడ. లెక్క కట్టి చూపిస్త.

నీటి తలతన్యత, అంటే నీటి పైపొర బిగువు, 38 డిగ్రీల దగ్గర మీటరుకు సుమారు 70 మిల్లీన్యూటన్లు. దాన్నే కణం కొలతలకు దించితే మైక్రోమీటరుకు 70 నానోన్యూటన్లు. కణం తన పైపొరలోని ఆక్టిన్, మయోసిన్ అనే ప్రోటీన్లతోని లాగే బిగువు మామూలుగ మైక్రోమీటరుకు ఒక నానోన్యూటన్ లోపు, మహా అయితే కొంచెం అటుఇటు. అంటే పిండం మీద పల్చటి నీటి పొర మిగిల్చి, దాని గుండో తలో ఆ పొరని పైకి పొడిచేటట్టు ఉంచినవంటే, కణాల పట్టుకన్న కొన్ని పదుల రెట్లు గట్టి రబ్బరు గుడ్డ కప్పినట్టే.

పీడనంల చెప్తే ఇంకా తేటగ తెలుస్తది. అర మిల్లీమీటరు వ్యాసార్ధం ఉన్న గుండ్రటి గొట్టం మీద నీటి పొర చుట్టుకుంటే, తలతన్యతను వ్యాసార్ధంతోని భాగించాలె: 0.07 బై 0.0005, అంటే 140 పాస్కల్స్. ఒక సెంటీమీటరు నీటి మట్టం 98 పాస్కల్స్, కాబట్టి ఇది సుమారు సెంటీమీటరున్నర నీళ్ల ఎత్తు. తొలి పిండం కణజాలం గట్టితనమే పదుల నుంచి వందల పాస్కల్స్. దాని మీద 140 పాస్కల్స్ కూసుంటే గుండె చపటగాక ఏమైతది?

తెల్లసొనలోని ప్రోటీన్లు తలతన్యతను తగ్గిస్తయని ఎవరన్న అంటరు. నిజమే, తగ్గిస్తయి. సగమైందనుకున్నా 70 పాస్కల్స్ ఉంటది.

కొలాబ్_బయోఫిజిక్స్, సోమవారం రాత్రి 11:40

సిరొంచ గారి లెక్క ఊరికే కాగితం మీది మాట కాదు. వొరొనోవ్, టేబర్ 2002లో కోడి గుండె వంపు మీద తలతన్యత ప్రభావాన్ని చూపించారు. గుండె కుడికి తిరగడానికి సహజంగా దోహదం చేసేది పొట్టవైపు నుంచి నొక్కి పట్టే స్ప్లాంక్నోప్లూర్ పొర. పెంపకంలో ద్రవం తక్కువైతే తలతన్యత ఆ నొక్కుడుకి బదులు నిలబడుతుంది. ఫలితం చూసి పిండమే చేసిందనుకుంటాం, చేసింది నీటి పొర.

అందుకని వలయంతో సహా పిండాన్ని ద్రవంలో ముంచి ఉంచండి. మరీ లోతు వద్దు. పిండం పూర్తిగా మునిగి పైన 1 మిల్లీమీటరు ఉంటే చాలు. లోతు పెరిగితే ఆక్సిజన్ అందదు, గుండె నెమ్మదిస్తుంది. ఎక్కువ లోతు కావాలంటే ఆక్సిజన్ పంపే ఏర్పాటు ఉండాలి.

ఇక 1 మిల్లీలీటరు అగార్ సంగతి. 35 మిల్లీమీటర్ల డిష్‌లో అది ఒక మిల్లీమీటరు మందం కూడా నిలకడగా రాదు. గోడ వెంబడి పైకి పాకి అంచున ఎత్తు, మధ్యలో పళ్లెంలా లోతు అవుతుంది. వలయం అంచుల మీద ఆనుతుంది, పొర మధ్యలో ఉయ్యాలలా దిగుతుంది, పిండం నడుము వంగుతుంది. ఎలుకల్లో కర్లీ టెయిల్ అనే రకం ఉంది. వాటిలో పేగు వెనుక భాగం, నోటోకార్డ్ (నాళం కింద ఉండే కడ్డీలాంటి భాగం) నెమ్మదిగా పెరుగుతాయి, పైనున్న నాడీ కణజాలం మామూలు వేగంతో పెరుగుతుంది. కింద పొట్టి, పైన పొడుగు కావడంతో శరీరం వంగి, ఆ వంపు దగ్గర నాళం మూసుకోదు. 1991లో బ్రూక్, కాప్ బృందం ఆ పిండాల పేగులోకి కనురెప్ప వెంట్రుక దూర్చి బద్ద కట్టినట్టు తిన్నగా నిలబెడితే మూసుకోవడం మెరుగైంది. జన్యువు మార్చలేదు, మందు పోయలేదు. పగిలిన చేతికి బద్ద కట్టినట్టు కట్టారు, అంతే. ఆ రకంలో తేడా ఉన్నది జీఆర్‌హెచ్‌ఎల్3 అనే జన్యువు దగ్గరని తర్వాత తేలింది.

డిష్‌కి 2.5 మిల్లీలీటర్లు పోయండి. 120 మిల్లీలీటర్ల ఉప్పునీళ్లలో అగార్ 0.72 గ్రాములు మరిగించి, 49 డిగ్రీలకి చల్లార్చి, 120 మిల్లీలీటర్ల పల్చటి తెల్లసొనతో కలపాలి. థర్మామీటరు చూడకుండా చేత్తో తడిమి కలిపితే తెల్లసొన విరిగి పెరుగు ముక్కల్లా తేలుతుంది. టేబుల్ మట్టంగా ఉందో లేదో గోలీ పెట్టి చూడండి.

గోపాలపురం_గాలి (గంజాం), మంగళవారం ఉదయం 7:05

ఇవన్నీ చదువుతుంటే ఓ అనుమానం. పిండం ఏ ఆకారం తీసుకోవాలో జన్యువుల్లోనే రాసి ఉంటుంది కదండీ? అగార్ పల్లంగా ఉందని, నీళ్లు తక్కువయ్యాయని ఆకారం మారిపోతే ఇక జన్యువులు ఎందుకు?

పర్లాకిమిడి_మాస్టారు, మంగళవారం ఉదయం 8:30

మంచి ప్రశ్న. జన్యువులో "ఇక్కడ మడత పెట్టు" అని ఎక్కడా రాసి లేదు. ఏ కణంలో మయోసిన్ ఎంత, అది కణం పైవైపున చేరాలా పక్కన చేరాలా, పక్క కణాన్ని ఎంత గట్టిగా పట్టుకోవాలి, ఇంతవరకే జన్యువు చెప్తుంది. మడత దానంతట అది వస్తుంది.

నాడీ పలక సంగతే చూడండి. పలక నడిమధ్య కణాలు కిందనున్న నోటోకార్డ్ నుంచి కబురు అందుకుని పైభాగం కుదించుకుంటాయి. ఆక్టిన్ పట్టీ సంచి నాడాలా బిగుస్తుంది, కణం ఇటుక ఆకారం నుంచి చీల ఆకారంలోకి మారుతుంది. చీలలన్నీ వరసగా చేరితే పలక అక్కడ వంగుతుంది. దీన్ని మధ్య కీలు అంటారు. తలవైపు పక్కల్లో మరో రెండు కీళ్లు. కానీ కీలు ఉన్నంత మాత్రాన తలుపు మూసుకోదు కదా, తొయ్యాలి. తోసేది ఇరుపక్కలా ఉన్న చర్మపు పొర. అల్వారెజ్, షోన్‌వుల్ఫ్ 1992లో నాడీ పలకని పక్కనున్న చర్మపు పొర నుంచి విడదీసి చూశారు. మధ్య కీలు వచ్చింది, మడతలు మాత్రం కలుసుకోలేదు.

వంశధార గారి పిండాల్లో కూడా మడతలు లేచాయి, కలవలేదు. కీళ్లు పనిచేస్తున్నాయి, తోపుడు అందడం లేదు, లేదా తోసినా ఎదురు నిలిచేది ఏదో ఉంది. నీటి పొర, పల్లం అగార్ రెండూ ఆ ఎదురు నిలిచే కోవలోవే.

మూడో పని ఇంకోటుంది: పలక సన్నగా, పొడుగ్గా అవ్వడం. రథయాత్రనాడు మన పర్లాకిమిడిలో పెద్దవీధి నిండా జనం సందులోకి మళ్లినప్పుడు వరసలు ఒకదాంట్లో ఒకటి దూరి జనం సన్నగా పొడుగ్గా సాగిపోతారే, కణాలూ అలా ఒకదాని మధ్యకి మరొకటి దూరతాయి. కప్ప పిండం ముక్కలతో రే కెల్లర్ దీన్ని విడిగా చూపించాడు. వీఏఎన్‌జీఎల్2 జన్యువు పాడైన ఎలుకల్లో ఈ దూరడం జరగదు. పలక వెడల్పుగానే మిగిలిపోతుంది, మడతలు లేచినా మధ్య దూరం ఎక్కువై అందుకోలేవు. మెదడు వెనుక నుంచి తోక దాకా వీపంతా తెరిచే ఉండిపోతుంది. జన్యువు తప్పింది, దెబ్బ కొట్టింది దూరం.

కొలాబ్_బయోఫిజిక్స్, మంగళవారం ఉదయం 9:15

దారి ఒకవైపే కాదని కూడా చేర్చాలి మాస్టారూ. 2003లో ఫార్జ్ ఈగ పిండాన్ని పక్కల నుంచి 10 శాతం నొక్కితే ట్విస్ట్ అనే జన్యువు మామూలుగా పనిచేయని చోట కూడా పనిచేసింది. బలం కూడా జన్యువుకి కబురు పెడుతుంది. కణం గట్టి నేల మీద ఉందా మెత్తటి నేల మీద ఉందా అన్నది యాప్ అనే ప్రోటీన్ కేంద్రకంలోకి వెళ్లడాన్ని బట్టి తేలుతుందని 2011లో చూపించారు. ఎవరు ముందు, ఎవరు వెనుక అనే గొడవ కోడి ముందా గుడ్డు ముందా లాంటిదే. గుడ్లతోనే పనిచేస్తున్నాం కాబట్టి అది మనకి అలవాటే.

రాయగడ_స్టాఫ్_నర్స్, మంగళవారం మధ్యాహ్నం 1:20

మనుషుల్లో ఈ నాళం మూసుకోవడం గర్భం పడిన 28 రోజుల్లోపే అయిపోతుంది. నెల తప్పిందని తెలిసి, ఆశా కార్యకర్తకి చెప్పి, మొదటి చెకప్‌కి వచ్చేసరికి చాలామందికి ఆ గడువు దాటిపోతోంది. అప్పుడిచ్చే ఐరన్, ఫోలిక్ ఆసిడ్ మాత్ర రక్తహీనతకి పనికొస్తుంది కానీ వెన్ను మూసుకోవడానికి ఆలస్యమే. అందుకే పిల్లలు కావాలనుకున్న నాటినుంచే రోజుకి 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆసిడ్. ఇంతకుముందు బిడ్డకి వెన్ను లోపం ఉండి ఉంటే ఈ మోతాదు చాలదు. 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి పరీక్షలో అలాంటి తల్లులకి 4 మిల్లీగ్రాములు ఇస్తే మళ్లీ రావడం 72 శాతం తగ్గింది. అది డాక్టరు రాసి ఇవ్వాల్సిన మోతాదు. మూర్ఛ మందు వాడుతున్నవాళ్లు కూడా గర్భానికి ముందే డాక్టరుని అడగాలి, వాల్‌ప్రోయేట్ ఈ లోపాన్ని పెంచుతుంది. అలాగని మందు ఎవరికి వారు మానేయకూడదు.

ఉమ్మనీరు గురించి కూడా ఒక మాట. అది బాగా తగ్గితే గర్భసంచి గోడ బిడ్డని నొక్కి పాదాలు వంకరపోతాయి, ఊపిరితిత్తులు ఎదగవు. ఊపిరితిత్తి లోపలి ద్రవం ఉబ్బించి పట్టి ఉంచితేనే అది పెరుగుతుంది.

సిరొంచ_ఫిజిక్స్, మంగళవారం సాయంత్రం 6:10

మేడం చెప్పిన ఉబ్బించుడు మెదడుకు కూడా ఉన్నది. పూరీ చూడుర్రి, లోపలి ఆవిరి పట్టి ఉంచితేనే పొంగుతది, చిల్లు పడితే చపాతీ. 1977ల డెస్మండ్, జేకబ్సన్ కోడి పిండం మెదడులకు సన్న గొట్టం దూర్చి లోపలి ద్రవాన్ని బయటకు వదిలేసిన్రు. మెదడు చిన్నగ మిగిలింది, లోపలి గోడ మడతలు పడ్డది. కంటికి గిట్లనే కూలంబర్ 1956ల చేసిండు. గాజు గొట్టంతోని లోపలి ద్రవం వదిలేస్తే కన్ను పెరగలె.

నాళం మూసుకోకపోతే మెదడు ఉబ్బదు, పీడనం నిలవదు. వంశధార సార్ పిండాల్ల మెదడు గదులు చిన్నగ కనిపిస్తే అది వేరే రోగం అనుకోవద్దు, తెరిచి ఉన్నదాని ఫలితమే.

బరంపురం_ల్యాబ్, మంగళవారం రాత్రి 8:45

బిగువు ఉందో లేదో కొలిచే చౌక పద్ధతి ఒకటి రాస్తాను. కీటకాలు గుచ్చే అతి సన్న పిన్నుని గాజు కడ్డీ చివర మైనంతో అతికించండి. పిండం పక్కనున్న పారదర్శక ప్రాంతంలో 0.3 మిల్లీమీటర్ల గాటు పెట్టండి. ఒక పిండంలో శరీర అక్షానికి సమాంతరంగా, ఇంకోదానిలో అడ్డంగా. ఒక నిమిషం తర్వాత గాటు ఎంత వెడల్పు విచ్చుకుందో ఐపీస్ స్కేలుతో కొలవండి. పొర వదులైన వలయంలో గాటు గీతలాగే ఉండిపోతుంది. బిగువున్నదానిలో కన్ను తెరిచినట్టు విచ్చుకుంటుంది. తర్వాత గంటల్లో గాయం అంచు కణాలు నాడా బిగించినట్టు దాన్ని మూసేస్తాయి. అది కూడా చూపించవచ్చు, పిల్లలకి నచ్చుతుంది.

కొలాబ్_బయోఫిజిక్స్, మంగళవారం రాత్రి 9:05

గాటు పద్ధతి మంచిదే, కానీ ఒక హెచ్చరిక. విచ్చుకోవడం అనేది బలానికి కొలత కాదు. బలాన్ని గట్టితనంతో భాగిస్తే వచ్చేదానికి కొలత. మెత్తటి కణజాలం కొద్ది లాగుడుకే బాగా విచ్చుకుంటుంది. అందుకని ఒకే పిండంలో, ఒకే చోట, రెండు దిక్కుల్ని పోల్చడం వరకే నమ్మండి. తలనీ తోకనీ పోల్చకండి. తోకవైపు కణజాలం ద్రవంలా ఉంటుంది, ముందుకి వచ్చేకొద్దీ గట్టిపడుతుంది. జీబ్రా చేపల్లో 2018లో కాంపాస్ బృందం సన్న నూనె చుక్కలు కణాల మధ్య పెట్టి, అయస్కాంతంతో సాగదీసి దీన్ని కొలిచింది. కుంచంలో బియ్యం పోస్తుంటే జారతాయి, కుదిపితే బిర్రబిగుస్తాయి. బియ్యం మారలేదు, మధ్య ఖాళీ తగ్గింది. తోక కణాలదీ ఆ తీరే.

ఇంకోటి. గాటు పెట్టేటప్పుడు ఉప్పునీళ్ల గాఢత తగ్గితే కణాలు ఉబ్బి గాటు మూసుకుపోయినట్టు కనిపిస్తుంది. దాన్ని గాయం మానడం అనుకుని రాసేసుకుంటారు.

గోపాలపురం_గాలి, మంగళవారం రాత్రి 9:30

మరి గుండె కుడికే ఎందుకు తిరగాలి? ఎక్కడో చదివాను, పిండంలో సన్న కేశాలు తిరిగి ద్రవాన్ని ఎడమవైపుకి నెడతాయని, దాంతో ఎడమ కుడి తేలుతుందని. డిష్‌లో ఆ ప్రవాహం చెదిరిపోయిందేమో?

పర్లాకిమిడి_మాస్టారు, మంగళవారం రాత్రి 9:50

అది ఎలుకల మాట. 1998లో నొనాకా బృందం ఎలుక పిండంలో చూసింది, 2002లో కృత్రిమంగా ప్రవాహాన్ని తిప్పితే ఎడమ కుడి తారుమారైంది కూడా. మనుషుల్లో కేశాలు కదలని జబ్బు ఉన్నవాళ్లలో సగంమందికి గుండె కుడివైపు ఉండటం అందుకే. కోడిలో దారి వేరు. హెన్సెన్ కణుపు (తొలి పిండం నడిగీత ముందు కొస) చుట్టూ కణాలే ఎడమవైపుకి జరుగుతాయి, ప్రవాహం కాదు. 2009లో గ్రో బృందం చూపించింది. పైగా ఆ నిర్ణయం 4 జతల సొమైట్ల కన్నా ముందే అయిపోతుంది. వంశధార గారు పిండం తీసేనాటికి దిక్కు ఖరారైంది. ఇప్పుడు తప్పుతున్నది దిక్కు కాదు, వంపే.

సిరొంచ_ఫిజిక్స్, బుధవారం ఉదయం 6:40

పిల్లలకు చేతితోని చూపించాలంటే పేగు నమూనా మించింది లేదు. సావిన్, టాబిన్, మహదేవన్ 2011ల చేసినదాన్ని కుట్టుపెట్టెతోని చెయ్యొచ్చు. పల్చటి రబ్బరు షీటు (సర్జికల్ గ్లోవ్ కోసినా సరే) ఒకటిన్నర రెట్లు సాగదీసి పలకకు బిగించుర్రి. చేపల తొట్టి గాలి గొట్టం, సిలికాన్‌ది, షీటు అంచుకు ప్రతి 4 మిల్లీమీటర్లకు ఒక కుట్టు వేసుకుంట పోవాలె. వదిలితే షీటు ముడుచుకుంటది, గొట్టం ముడుచుకోదు, కాబట్టి మెలికలు తిరుగుతది. లంగాకు సాగదీసిన ఎలాస్టిక్ కుడితే కుచ్చులు పడ్డట్టు. నిజం పేగుల గొట్టం జల్ది పెరుగుతది, దాన్ని పట్టుకున్న పొర నిదానంగ పెరుగుతది. ఆ పొరను కోసి విడదీస్తే పేగు తిన్నగ సాగుతది, పొర కుంచించుకుపోతది.

మెలిక పొడుగు గొట్టం వంపుకు ఎదురుతిరిగే గట్టితనాన్ని షీటు గట్టితనం, మందంతోని భాగించి ఘనమూలం తీస్తే వస్తది. ఒకే తీరు గొట్టం రెండింతల లావైతే మెలిక సుమారు రెండున్నర రెట్లు పొడుగు. షీటు ఎనిమిది పొరలు చేస్తే మెలిక సగం. కుట్లు దూరమైతే గొట్టం కుట్టుకు కుట్టుకు నడుమ వంగుతది, లెక్క తప్పుతది. చాలామంది పాడుచేసేది గక్కడనే.

బరంపురం_ల్యాబ్, బుధవారం ఉదయం 10:15

గుడ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. గుడ్ల ఫారంలో పుంజు ఉండదు కాబట్టి ఆ గుడ్లలో పిండం రాదు, నాటు గుడ్లు కొనడం సరైనదే. కానీ ఘాట్ రోడ్డు మీద బస్సులో కుదుపులు తిన్న గుడ్డుని తేగానే పొదగకండి. మొద్దువైపు పైకి పెట్టి ఒక పూటైనా, వీలైతే రోజంతా, కదపకుండా ఉంచండి. నిల్వకి 13 నుంచి 16 డిగ్రీలు. 21 డిగ్రీలు దాటితే పిండం నిద్రలోనే మెల్లగా పెరగడం మొదలుపెడుతుంది, ఎండాకాలం గది వేడికి సగం పెరిగి చచ్చిపోతుంది. ఫ్రిజ్ తలుపులో 4 డిగ్రీలకి పెట్టినా నష్టమే. కిటికీ వైపున తడి గోనె చుట్టిన మట్టి కుండ కొంత మేలు.

పొదిగే పెట్టెలో గుడ్డుని అడ్డంగా పడుకోబెట్టండి. పిండం పైకి తేలుతుంది. మొద్దువైపు మీ ఎడమచేతికి వచ్చేలా పెట్టుకుంటే పిండం తల మీకు అవతలివైపు, తోక మీవైపు ఉంటుంది. వాన్ బేర్ చెప్పిన సూత్రం. అన్నిసార్లూ కాదు, ఎక్కువసార్లు. ఇందులో కూడా బలమే ఉంది. గర్భాశయంలో గుడ్డు గంటల తరబడి గిరగిరా తిరుగుతుంటే, బరువు పచ్చసొనని కిందికి లాగి ఏటవాలుగా నిలబెడుతుంది. పిండ చక్రంలో పైకి ఉండే అంచు తోకవైపు అవుతుంది.

కరెంటు పోయే చోట పెట్టెలో రెండు లీటర్ల నీళ్ల సీసాలు రెండు ఉంచండి. బల్బు ఆరినా వెంటనే చల్లారదు.

వంశధార_జువాలజీ, గురువారం రాత్రి 9:20

అందరికీ ధన్యవాదాలు. ఒకేసారి రెండూ మారిస్తే ఏది పనిచేసిందో తెలీదని నాలుగు వరసలు పెట్టాం: పాత అగార్‌కి పాత ద్రవం, పాత అగార్‌కి ముంచి ఉంచడం, 2.5 మిల్లీలీటర్ల అగార్‌కి పాత ద్రవం, 2.5కి ముంచి ఉంచడం. చివరి వరసలో నాళం మూసుకుంది, గుండె వంగింది. పాత అగార్ మీద ముంచి పెట్టిన వరసలో గుండె వంగింది కానీ వెనుక మెదడు దగ్గర ఇంకా తెరిచే ఉంది. వరసకి కొన్ని గుడ్లే, కాబట్టి ఇప్పుడే తీర్పు చెప్పను.

కొలాబ్_బయోఫిజిక్స్, గురువారం రాత్రి 9:45

అంటే గుండెని నొక్కింది నీటి పొర, మడతల్ని ఆపింది వంపు. చూడటానికి అలాగే ఉంది. మూడో వరస ఏమైంది? 2.5 మిల్లీలీటర్లు, పాత ద్రవం. అందులో మడతలు మూసుకుని గుండె చపటగా ఉండి ఉంటే ఈ మాట గట్టిగా అనొచ్చు.

వంశధార_జువాలజీ, గురువారం రాత్రి 9:52

ఆ వరస డిష్‌లకి మూత సరిగా పెట్టలేదు, ఎండిపోయాయి. ఆదివారం సంతకి వెళ్లి మళ్లీ గుడ్లు తెస్తాను. ఈసారి మూత అంచున తడి దూది పెడతాం.

పర్లాకిమిడి_మాస్టారు, గురువారం రాత్రి 10:01

తడి దూది డిష్ లోపల కాదు, డిష్‌లన్నీ పెట్టే పెద్ద డబ్బాలో పెట్టండి. లోపల పెడితే చుక్క జారి వలయం మీద పడుతుంది, మళ్లీ తలతన్యత దగ్గరికే వస్తాం.